నల్లటోపీ పిట్టకు తప్పు చీటీ

అడవిశాఖలో కొత్తగా చేరినవాళ్లు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది పులి గురించే. ఎన్ని చూశారు, ఎంత దగ్గరగా చూశారు అని. నిజం చెబితే వాళ్ల మొహాలు చిన్నబోతాయి. ఇన్నేళ్ల నౌకరీలో నేను పులిని నాలుగుసార్లు చూశాను. మూడుసార్లు దాని వెనకభాగమే కనిపించింది. నాలుగోసారి ఏం కనిపించిందో చెప్పలేను, అంత పరుగు తీశాను.

నా పని పిట్టలతో. నిజాం రోజుల్లో, ముప్పైల నడుమ, నాగర్‌కర్నూలులో ఖలీల్ సాబ్ అనే జంగ్లాత్, అంటే అడవిశాఖ, అధికారి ఉండేవాడు. ఆయనకు పిట్టలంటే ప్రాణం. నల్లమల అంచున ఏ పిట్ట ఏ నెలలో ఉంటుందో రాసి పెట్టాలని ఆయన పట్టు. దానికి పిట్టల నమూనాలు కావాలి. చచ్చిన పిట్ట తోలు ఒలిచి, దూది కూరి, కుట్టి, ఆరబెట్టి దాచే మనిషి కావాలి. ఆ మనిషిని నేను. మా వనపర్తిలో నన్ను చూసి "రాములు పిట్టల తోలు తీస్తుండు" అనేవాళ్లు. నా పెళ్లి మాటల్లో మా నాయన ఆ ముక్క మింగేసి "సర్కారు నౌకరీ" అని మాత్రం చెప్పాడు. పెళ్లయ్యాక మా ఆవిడకు నా చేతుల వాసన బట్టి సంగతి తెలిసిపోయింది.

ఏ ఏడు జీతం పెరిగింది, ఏ ఏడు ఎక్కడికి బదిలీ అయింది అన్నవి ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అది పనికొస్తుంది.

చీటీ ముందు, కత్తి తరువాత

నాకు పని నేర్పింది మస్తాన్ అనే ముసలి ఉస్తాదు. ఆయన చేతిలో పిట్ట తోలు అరటిపండు తొక్కలాగా వచ్చేది. నా చేతిలో మొదటి ఆరు నెలలూ పాత గుడ్డలాగా చిరిగేది. పొట్ట మీద సన్నగా కోత పెట్టాలి. తడికి అంటుకోకుండా జొన్నపిండి చల్లుతూ ఒలవాలి. పురుగు పట్టకుండా లోపల పాషాణం కలిపిన సబ్బు రాయాలి. దూది కూరి కుట్టాలి. మా వంటమనిషికి నా మీద ఉన్న కోపమంతా ఆ జొన్నపిండి గురించే. రొట్టెలకు దాచుకున్నది పిట్టలకు పోసేవాణ్ని.

ఉస్తాదు అన్నిటికన్నా గట్టిగా చెప్పింది చీటీ గురించి. పిట్ట చేతికి రాగానే దాని కాలికి దారంతో ఒక చీటీ కట్టాలి. ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఆడదా మగదా, ముక్కు రంగు, కంటి రంగు, కాళ్ల రంగు, పొట్ట ఎట్లా ఉంది, అన్నీ అప్పటికప్పుడే చూసి రాయాలి. చచ్చిన పిట్ట కాళ్ల రంగు సాయంత్రానికి మారిపోతుంది. ముక్కు పసుపు వెలిసిపోతుంది. తరువాత రాద్దాం అనుకుంటే మన బుర్రలో ఉన్నది రాస్తాం తప్ప పిట్టలో ఉన్నది రాయం.

"చీటీ గట్టకుంట కత్తి పట్టకు. ఒకసారి గట్టిన చీటీ ఇప్పకు" అనేవాడు ఉస్తాదు. "పిట్ట సచ్చిపోయింది, ఇగ అది మాట్లాడదు. దాని తరఫున మాట్లాడేది గా చీటే."

నేను తలూపేవాణ్ని. తలూపడంలో నన్ను మించినవాడు లేడు.

గద్వాల కోటగోడ మీద

ఖలీల్ సాబ్ అన్నిటికన్నా ఎక్కువగా వెతికే పిట్ట ఒకటుండేది. అడవిలో నేల మీద తిరిగే నల్లని త్రష్ జాతి పిట్ట. మైన కన్నా కొంచెం పెద్దది. మగది దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది. దగ్గరికి పోతే ఒళ్లు పలక రంగు, తల మీద మాత్రం టోపీ పెట్టినట్టు నలుపు. ముక్కు పసుపు, కంటి చుట్టూ పసుపు గీత, కాళ్లు పసుపు. ఆడది మట్టి రంగు కలిసిన గోధుమ. మేం దాన్ని నల్లటోపీ పిట్ట అనేవాళ్లం. చలికాలంలో ఈ కొండలకు వచ్చి పోతుందని పుస్తకాలు చెబుతున్నాయి అనేవాడు సాబ్. వచ్చి పోతుందా, ఇక్కడే ఉండి గూడు కడుతుందా అన్నది ఆయన్ని తినేసే ప్రశ్న.

మొదటి చలికాలం పత్తి కొనడానికి, పిట్టలు చూడడానికి గద్వాల పోయాం. ఆ నల్లరేగడి పత్తి మెత్తగా, గింజ లేకుండా దొరికేది, కూరడానికి బాగుండేది. కోటగోడ మీద ఒక నల్లని పిట్ట కూర్చుని ఉంది. నేను ఎగిరి గంతేశాను.

"సాబ్! మనం దేవులాడే పిట్ట గదే!"

ఖలీల్ సాబ్ గోడ నీడలో రుమాలు పరుచుకొని కూర్చున్నాడు. "అరగంట చూడు. తర్వాత చెప్పు" అన్నాడు.

చూశాను. ఆ పిట్ట రాతి మీద నిటారుగా కూర్చుంది. జర వంగి లేచింది. ఇంకో రాతి మీదికి పోయింది. నేల మీద ఆకుల్లోకి దిగలేదు, అసలు ఆ కోటలో ఆకులే లేవు. కాసేపటికి ఎండ దాని వీపు మీద పడింది. నలుపు కాస్తా నీలం అయింది. ముక్కు నల్లగానే ఉంది.

"నువ్వు రంగు చూసినవ్ రాములూ, పిట్టను చూడలే" అన్నాడు సాబ్ నవ్వుతూ. "గిది రాళ్ల మీద ఉండే నీలి త్రష్. చలికాలం మన దిక్కు వస్తది. ముందు ఏడ కూసుంది చూడు, ఎట్ల నడుస్తుంది చూడు, ఏం తింటుంది చూడు. రంగు ఆఖరుకు చూడు."

కోపం చేసుకోకుండా తప్పు చెప్పే పై అధికారి దొరకడం అదృష్టం. నాకు దొరికాడు. తరువాతి ఏళ్లలో పని చేసిన ఇద్దరు ముగ్గురి గురించి ఆ మాట చెప్పలేను, అందుకే వాళ్ల ఊసు ఎత్తను.

ఆకులెగేసేది

ఆ జనవరిలోనే బల్మూరు దాటి కొండ మొదట్లో డేరా వేశాం. దారి చూపడానికి లింగయ్య అనే చెంచు వచ్చాడు. సన్నని మనిషి, భుజాన విల్లు. మాట అడిగితే తప్ప చెప్పడు. ఆయన భార్య ఈదమ్మ మాత్రం అడగకపోయినా చెబుతుంది. గడ్డలు తవ్వడానికి రోజూ అడవి నేల గాలించే మనిషి. నేల మీద ఏ పిట్ట తిరుగుతుందో ఆమెకు తెలిసినంతగా లింగయ్యకు కూడా తెలియదు. ఆ సంగతి లింగయ్యే చెప్పాడు, సిగ్గు పడకుండా.

ఒక పొద్దున వాగు ఒడ్డున పొదల వెనక చప్పుడైంది. ఎండుటాకుల్లో ఏదో పెద్ద జంతువు నడుస్తున్నట్టు. నేను సాబ్ వెనక్కి జరిగాను. ఈదమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకొని నవ్వింది.

"పులి గాదు తమ్మీ. ఆకులెగేసేది" అన్నది.

అప్పుడు చూశాను. జానెడంత పిట్ట. ముక్కుతో ఒక ఆకు పట్టుకొని పక్కకు విసురుతోంది. ఇంకో ఆకు. ఇంకో ఆకు. నాలుగడుగులు పరుగెత్తి ఆగింది. తల ఒక పక్కకు వంచి నేలను వింటున్నట్టు నిలబడింది. చటుక్కున పొడిచి వానపామును లాగింది. పసుపు ముక్కు, పసుపు కాళ్లు, నల్ల టోపీ. మమ్మల్ని చూడగానే "చక్ చక్ చక్" అని తిట్టి పొదలోకి దూరింది. అంత చిన్న ప్రాణి అంత పెద్ద అడవిలో తన ఇల్లు తానే ఊడ్చుకుంటున్నట్టు అనిపించింది. నాకు ఆ పిట్ట మీద ఇష్టం పుట్టింది ఆ పొద్దుననే, ఇప్పటికీ పోలేదు.

చలికాలంలో అది మేడిపండ్ల కోసం చెట్లెక్కుతుంది. నత్తల్ని రాయికి కొట్టి తింటుంది. ఆ నెలల్లో పాడదు. ఖలీల్ సాబ్ ఈదమ్మను అడిగాడు.

"ఎండలు ముదిరితే ఎటు పోతది ఇది?"

"ఏడికి పోతది దొరా? గీ లోయ దాని ఇల్లే గద. వానలు వడంగనే మొగది పొద్దుగాల, పొద్దూకంగ పాడ్తది. ఆడది పొదల గూడు గడ్తది. ఏర్లు, మట్టి వెట్టి."

"నువ్వు చూసినవా?"

ఈదమ్మ ఆయన్ని వింతగా చూసింది. "సూడకుంట ఎట్ల జెప్త?"

మరునాడు సాబ్ ఒక ఆడపిట్టను కొట్టాడు. నేను ఒలిచి, గద్వాల పత్తి కూరి, చీటీ కట్టాను. జనవరి, బల్మూరు దగ్గర. పొట్ట నిండా మెత్తటి ఈకలు. అన్నీ చూసి రాశాను. పోయేముందు సాబ్ లింగయ్యతో అన్నాడు: "వానల్ల గూటి మీది ఆడపిట్ట ఒక్కటి పట్టియ్యి. గప్పుడు నా మాట నమ్ముతరు." గుడ్లు పొదిగే ఆడపిట్టకు పొట్ట మీది ఈకలు రాలి తోలు బయటపడుతుంది, ఒంటి వేడి గుడ్లకు తగలాలి కాబట్టి. ఆ బోడి పొట్టే గూటికి రుజువు.

ఈదమ్మ గడ్డల బుట్ట ఎత్తుకొని వెళ్లిపోయింది. పిల్లల తల్లిని కొట్టడం ఆమెకు ఇష్టం లేదని తరువాత తెలిసింది.

వానల్లో

ఆ ఏడు వానలు పడ్డాక మళ్లీ పోయాం. పోల్చి చూడడానికి జనవరి పిట్టను కూడా పెట్టెలో వేసుకున్నాం. సాబ్ సర్కారు పని మీద రెండు రోజులు బల్మూరులో ఆగాడు. నేను ముందు పోయి డేరా వేశాను. వాగు దాటేటప్పుడు బండి ఒరిగి పత్తి మూట నీళ్లలో పడింది. అదే సాయంత్రం నాకు చలిజ్వరం మొదలైంది.

మరునాడు లింగయ్య ఒక ఆడపిట్టను తెచ్చాడు. గూటి మీద నుంచి లేస్తుంటే బాణంతో కొట్టాడట. గూట్లో ఈకలు రాని పిల్లలు ఉన్నాయట. "రా, సూపిస్త" అన్నాడు. నేను దుప్పటి కప్పుకొని వణుకుతున్నాను, లేవలేకపోయాను. రెండో రోజు సాబ్ వచ్చేసరికి ఆ గూటిని ఏదో జంతువు లాగి పారేసింది. గూడు చూసింది లింగయ్య, ఈదమ్మ ఇద్దరే.

పిట్ట కుళ్లిపోకముందే ఒలవాలి. చీటీ మీద ఊరు, రోజు, ఆడది అని రాశాను. మిగతాది జ్వరం తగ్గాక రాద్దాం అనుకున్నాను. కోత పెడుతుంటే పొట్ట దగ్గర తోలు ఉల్లిపొరలాగా పలచగా ఉండి కత్తి కింద చిరిగింది. ఈకలు లేవు. అది నా వేళ్లకు తెలిసింది. చీటీకి తెలియదు.

దూది లేదు. ఏం చేయాలో తోచక కూర్చుంటే ఈదమ్మ తన నడుం దగ్గరి తోలుసంచి విప్పింది. అందులో బూరుగు దూది. చెకుముకి రాయి కొట్టి నిప్పు పుట్టించడానికి చెంచులు ఎండల్లో ఏరి దాచుకునేది. వానల్లో ఎండిన బూరుగు దూది అంటే వాళ్లకు పొయ్యిలో నిప్పే.

"మరి నీకు నిప్పెట్ల అక్కా?" అన్నాను.

"పక్కింట్ల దెచ్చుకుంట తియ్యి. పిట్టను సంపినంక సగం పని జేసి ఇడిస్తె పాపం" అన్నది.

ఆ బూరుగు దూదే కూరి కుట్టాను. ఇక అసలు తప్పు ఇక్కడే. డేరాలో తేమ. చీటీల మీది సిరా చెమ్మకు పాకుతోంది. పాడైపోతాయని భయపడి రెండు పిట్టల కాళ్ల చీటీలూ విప్పాను. నోటుబుక్కులో దాచాను. మూడు రోజుల తరువాత, జ్వరం దిగీ దిగకుండా ఉన్నప్పుడు, కాగితం చుట్టిన రెండు పిట్టలనూ విప్పి చూడకుండానే బయటికి కనిపించే కాళ్లకు చీటీలు కట్టేశాను. రెండూ ఆడవే. రెండూ ఒకే పొడవు. ఉస్తాదు అప్పటికి చనిపోయాడు కాబట్టి నన్ను తిట్టేవాడు లేడు.

ఉత్తరం

ఖలీల్ సాబ్ సంతోషం చూడాలి. వానల చీటీ ఉన్న పిట్టను విప్పకుండానే, జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, దూరదేశంలో ఉన్న ఒక పెద్ద పండితుడికి పంపాడు. ఈ త్రష్ మా కొండల్లోనే గూడు కడుతుంది, ఇదిగో గూటి మీది తల్లి అని రాశాడు.

నాలుగైదు నెలలకు పిట్ట తిరిగి వచ్చింది, ఉత్తరంతో. సాబ్ గట్టిగా చదివాడు. ఈ పిట్ట పొట్ట నిండా ఈకలున్నాయి, ఈకలు చలికాలంలో ఉన్నట్టు కొత్తగా ఉన్నాయి, గూటి మీద కూర్చున్న పిట్ట ఇట్లా ఉండదు, మీ అడవి మనుషులు మీకు నచ్చే కథ చెప్పినట్టున్నారు అని అందులో ఉంది.

సాబ్ నన్ను అడిగాడు. "ఒలిచేటప్పుడు పొట్ట చూసినవా రాములూ?"

నా వేళ్లకు అంతా గుర్తుంది. "జ్వరం ఉండె సాబ్. యాదికి లేదు" అన్నాను.

అదే వారం లింగయ్య, ఈదమ్మ తేనె అమ్ముకోవడానికి నాగర్‌కర్నూలు వచ్చి, మామూలుగా సలాం చెప్పడానికి దఫ్తరుకు వచ్చారు. నలుగురి ముందు సాబ్ అన్నాడు. "అబద్ధం చెప్పి నా ఇజ్జత్ తీసిన్రు. ఇగ మీ పని నాకొద్దు." లింగయ్య నేల చూశాడు. ఈదమ్మ మాత్రం సాబ్‌ను కాదు, నన్ను చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

వాళ్లు పోయాక సొరుగు తీసి రెండో పిట్టను విప్పాను. జనవరి, బల్మూరు అని చీటీ. పొట్ట బోడిగా, చిరిగిన చోట నా కుట్టు. కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రమే చెప్పాల్సింది. పద్దెనిమిది రోజులు చెప్పలేదు. నా నౌకరీ పక్కా చేసే కాగితం సాబ్ బల్ల మీద ఉంది. మా ఆవిడ కడుపుతో ఉంది. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న కారణాలు, నిజమైన కారణాలే. అయినా ఆ పద్దెనిమిది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద అసహ్యం వేస్తుంది. ఒక పిట్ట చీటీ మారితే పెద్ద నేరమా అని అడగొచ్చు. ఆ చీటీ కింద ఇద్దరు మనుషులు అబద్ధాలకోరులయ్యారు. వాళ్లకున్న ఆస్తి వాళ్ల మాటే. అడవి గురించి వాళ్లు చెప్పింది తప్పు కాదన్న పేరు మీదే వాళ్లకు ఆ నాలుగు గింజల పని దొరికేది.

కుట్లు విప్పడం

పందొమ్మిదో రోజు పొద్దున రెండు పిట్టలనూ సాబ్ బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ఆయన రెండు పిట్టలనూ తిప్పి చూశాడు.

"లింగయ్యను బచాయించనీకి చెప్తున్నవా?" అన్నాడు.

అది న్యాయమైన అనుమానమే. సొరుగులోని పిట్ట పొట్ట ఈకలు నేనే పీకానని కూడా అనుకోవచ్చు. రెండు చీటీలు మారాయని నా నోటిమాట తప్ప రుజువు లేదు. అప్పుడు నాకు దూది గుర్తొచ్చింది.

"జనవరి పిట్టల గద్వాల పత్తి పెట్టిన సాబ్. వానల్ల పత్తి తడిసింది, ఈదమ్మ బూరుగు దూది ఇచ్చింది. రెండూ ఇప్పుత, మీరే చూడుండ్రి."

కత్తెరతో కుట్లు తెంపాను. పండితుడి దగ్గరి నుంచి వచ్చిన పిట్ట, వానల చీటీ ఉన్నది, విప్పితే తెల్లని పత్తి ముద్దగా వచ్చింది. జనవరి చీటీ ఉన్న బోడిపొట్ట పిట్ట విప్పాను. బూరుగు దూది బల్ల మీదికి పొంగింది. పట్టులాగా మెరుస్తూ, పంకా గాలికి లేచి సాబ్ గడ్డానికి అంటుకుంది.

ఆయన ఆ పోగును వేళ్లతో తీసి చూశాడు. నన్ను కొడతాడనుకున్నాను. ఆయన లేచి సొరుగు మూశాడు.

"తప్పు నీ ఒక్కనిదే కాదు" అన్నాడు. "ఈ సొరుగు నా పక్కనే ఉండె. రెండు పిట్టలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకే తెలుస్తుండె. చూడకుంట మనిషిని అబద్ధాలకోరు అన్న. నీకు గద్వాలల చెప్పిన ముచ్చట నేనే మరిచిన."

నౌకరీ తీసెయ్యలేదు. ఒక్క మాట చెప్పాడు. "కాగితం మీద తప్పు నేను దిద్దుత. వాళ్లుండే పెంటకు నువ్వు పోయి నీ నోటితోని చెప్పు. నలుగురి ముందల చెప్పు. నేను నలుగురి ముందల అన్న కదా."

ఇంత పెద్ద మనసున్న అధికారిని నేను మళ్లీ చూడలేదు. ఆయన తప్పు ఒప్పుకున్నందుకు కాదు నా గౌరవం. కింది ఉద్యోగి ముందు, తలుపులు తెరిచి ఉండగా ఒప్పుకున్నాడు.

పెంటలో

చెంచుల గూడేన్ని పెంట అంటారు. ఆ పెంటకు ఒక్కణ్నే పోయాను. ఏడెనిమిది గుడిసెలు. అందరూ బయటికి వచ్చారు. నిలబడి చెప్పాను.

"లింగయ్యన్న, ఈదమ్మక్క అబద్ధం చెప్పలే. చీటీలు మార్చి కట్టింది నేను. తెలిసినంక గూడ పద్దెనిమిది రోజులు నోరు మూసుకున్న. సాబ్ తప్పాయెనని చెప్పమన్నడు."

లింగయ్య "సరే తియ్యి" అన్నాడు. ఆయన సంగతి అంతే. ఈదమ్మ గడ్డలు చెక్కుతున్న కత్తి కింద పెట్టింది.

"మీరడిగితే తల్లిపిట్టను సంపితిమి. దాని పిల్లలు రెండు దినాలు నోర్లు దెరిసి ఒర్రినయి. గా పాపం మోసినం. మీ దొర నమ్మాలె గద అని మోసినం. గంత జేసి ఇయ్యంగ అబద్ధమన్నరు." ఆమె లేచి నా ముందుకు వచ్చింది. "నా మాట మల్ల తెస్తివి, మంచిదే. పిట్టనెట్ల దెస్తవు తమ్మీ?"

ఏడ్చాను. వాళ్లు నన్ను కూర్చోబెట్టి ఉడికిన గడ్డలు పెట్టారు. తినబుద్ధి కాలేదు, అయినా తిన్నాను.

పిట్ట లేని చీటీ

ఖలీల్ సాబ్ బోడిపొట్ట పిట్టను పండితుడికి పంపి సంగతంతా రాశాడు. మర్యాదగానే జవాబు వచ్చింది. కానీ ఒకసారి చీటీ మారిన పిట్టను సాక్ష్యంగా తీసుకోలేను, వచ్చే వానల్లో ఇంకొక గూటి పిట్టను పంపండి అని. ఆయన అడిగింది న్యాయమే. నేనైనా అదే అడుగుతాను.

మరుసటి వానల్లో పోయాం. ఈదమ్మ ముందే షరతు పెట్టింది. "గూడు జూపిస్త. తుపాకి బల్మూర్ల ఇడిసి రండ్రి. లింగయ్య విల్లు గూడ తేడు."

ఆ పిట్టతో తన పేరు నిలబడుతుందని సాబ్‌కు తెలుసు. ఒక రాత్రంతా ఆలోచించుకున్నాడో, క్షణం ఆలోచించుకున్నాడో నాకు తెలియదు. పొద్దున తుపాకి లేకుండానే బయల్దేరాడు.

వాగు పక్కన పొదలో, నా నడుమెత్తులో, చీలిన కొమ్మ మధ్య గూడు. వేర్లు, మట్టి, ఎండుటాకులు. ఆడపిట్ట దాని మీద కూర్చుని ఉంది. మా వైపు ఒక కన్నుతో చూస్తోంది, కదలడం లేదు. పైన ఎక్కడో చెట్టు మీద మగది పాడుతోంది. ఆ జనవరిలో ఆకులెగేసినది ఇదేనా అనిపించింది. నిదానంగా, తియ్యగా పాడుతూ, మధ్యలో ఆగి ఏదో గుర్తు తెచ్చుకున్నట్టు మళ్లీ మొదలుపెడుతోంది. వాన చినుకులు పడుతున్నా ఆపలేదు. సాబ్, ఈదమ్మ, లింగయ్య, నేను తడుస్తూ నిలబడ్డాం. కొంతసేపటికి తల్లి మేతకు పోయింది. గూట్లో మూడు గుడ్లు. పచ్చ కలిసిన నీలం, మీద గోధుమ మచ్చలు. ఖలీల్ సాబ్ కళ్లు తుడుచుకున్నాడు. వాననీళ్లు అనుకోమన్నట్టు నా వైపు చూశాడు.

డేరాకు వచ్చి ఒక చీటీ తీసుకొని ఆయనే తెలుగులో రాశాడు. నల్లటోపీ త్రష్, గూడు, మూడు గుడ్లు, వానకాలం, చూపినది ఈదమ్మ. దాన్ని ఈదమ్మకు ఇచ్చాడు.

"ఏ పిట్ట కాలికి కట్టాలె దొరా దీన్ని?" అని అడిగింది.

"ఏ పిట్టకూ వద్దు. నీ దగ్గర ఉంచుకో."

ఆమె దాన్ని మడిచి బూరుగు దూది ఉన్న తోలుసంచిలో పెట్టుకుంది. పండితుడికి సాబ్ అదే రాసి పంపాడు. చూశాను, పిట్టను తేలేదు అని. ఆయన ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు. ఆ జవాబును సాబ్ నాకు చదివి వినిపించలేదు.

నలభైల చివర, ఖలీల్ సాబ్ మా దిక్కు వదిలి వెళ్లిపోయాక, నేను వేరే పని మీద ఆ పెంటకు పోయాను. లింగయ్య లేడు. ఈదమ్మ చూపు మందగించింది కానీ నా అడుగుల చప్పుడు గుర్తుపట్టింది. తోలుసంచిలోంచి ఆ చీటీ తీసి నా చేతికిచ్చింది.

"సదువు తమ్మీ."

చదివాను. నల్లటోపీ త్రష్, గూడు, మూడు గుడ్లు, వానకాలం, చూపినది ఈదమ్మ. గడగడా చదివాను.

"సూసి సదివినవా, యాది నుంచి సదివినవా?"

ఆమెకు అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేదు. చీటీ చివర సిరా తడికి పాకిపోయి ఉంది. మిగతా అక్షరాలు కంటికి ఆనుతున్నాయి. ఆమె పేరు దగ్గర నీలిమరక తప్ప ఏమీ లేదు.

"నీ పేరు చెరిగిపోయిందక్కా. రాస్త ఉండు" అని కలం తీశాను.

ఈదమ్మ నా చెయ్యి పట్టుకొని ఆపింది. తన మొహం నా వైపు తిప్పింది.

"ముందుగాల నన్ను సూడు. సూసి రాయి" అన్నది.

చూశాను. చూసి రాశాను.